సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజిన్ బంద్ అవుతోందా? తరచుగా వచ్చే ప్రశ్నలు, జవాబులు

హనుమకొండ చౌరస్తాలో, కాజీపేట బ్రిడ్జి ఎక్కే ముందు, ఎనుమాముల మార్కెట్ దగ్గర లారీల వెనకాల కారు ఆగుతుంది, కారుతో పాటే ఇంజిన్ కూడా ఆగిపోతుంది. ఏడాది పొడవునా ఎవరో ఒకరు ఇదే అడుగుతుంటారు, ఏసీలు వేసే రోజులు వస్తే ఇంకా ఎక్కువ. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే బ్యాటరీయో పెట్రోల్ పంపో మార్పించి, డబ్బులు పోయినా బాధ పోక వస్తారు. అందుకే వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. మీ కారుకు సరిపోయే ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, వరుసగా చదవాల్సిన పనిలేదు. కాకపోతే ఏ పార్టు మార్చాలా అని ఆలోచించే ముందు, ఇంజిన్ సరిగ్గా ఎప్పుడు ఆగుతోందో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

## రోడ్డు మీద ఆగిపోయినప్పుడు

సిగ్నల్‌లో బంద్ పడింది, వెనక నుంచి హారన్లు కొడుతున్నారు. ముందు ఏం చేయాలి?

టెన్షన్ పడకండి. నాలుగు ఇండికేటర్లు వెలిగే హజార్డ్ స్విచ్ నొక్కండి, గేరు న్యూట్రల్ చేయండి, క్లచ్, బ్రేక్ తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయితే కొంచెం రేస్ పట్టుకునే ఉండి, సిగ్నల్ దాటాక పక్కకు తీసి ఆపండి. స్టార్ట్ కాకపోతే ఒకే బిగిన పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో కాస్త ఆగి మళ్లీ ప్రయత్నించండి, లేకపోతే బ్యాటరీ దిగిపోయి అసలు బాధకు ఇంకో బాధ తోడవుతుంది. రెండు మూడు ప్రయత్నాలకూ రాకపోతే ట్రాఫిక్ కానిస్టేబుల్‌నో పక్కనున్న ఆటో అన్నలనో పిలిచి పక్కకు తోయించండి. అడిగితే కాదనరు.

ఇంజిన్ ఆగిపోతే బ్రేకులు కూడా పడవంటారు, నిజమా?

పడతాయి కానీ గట్టిపడతాయి. కాలి బలం తక్కువ పెట్టినా బ్రేకులు పడేలా చేసే బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండుసార్లు మామూలుగానే పడతాయి, ఆ తర్వాత పెడల్ రాయిలా అనిపిస్తుంది, కాలి బలమంతా పెట్టి తొక్కాలి. అందుకే కారు ఇంకా కదులుతుండగా ఇంజిన్ ఆగితే బ్రేక్‌ను పదే పదే కొట్టకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. కారు పూర్తిగా ఆగేదాకా తాళంచెవిని మాత్రం బయటికి తీయొద్దు, స్టీరింగ్ లాక్ పడితే తిప్పడానికి ఉండదు.

వెంటనే స్టార్ట్ అవుతోంది కదా, ఇలాగే కొన్నాళ్లు నడపొచ్చా?

షెడ్డు దాకా నడపొచ్చు, అంతకు మించి వద్దు. ఊళ్లో నెమ్మదిగా పోతుంటే చిరాకు మాత్రమే. కానీ హైదరాబాద్ హైవే మీద లారీ వెనక బ్రేక్ కొట్టినప్పుడు ఇంజిన్ ఆగితే, బ్రేకూ స్టీరింగూ రెండూ ఒకేసారి గట్టిపడతాయి. మేడారం జాతరకు పోవాలనుకునేవాళ్లయితే ముందే బాగు చేయించుకోండి, తాడ్వాయి దారిలో గంటల తరబడి ఆగుతూ కదులుతూ పోయే రద్దీలో ఈ జబ్బున్న కారుతో మీరూ ఇబ్బంది పడతారు, వెనకాల వాళ్లూ పడతారు.

కొత్త కారు కొన్నాం. ఆగి న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగుతుంది, క్లచ్ తొక్కితే దానంతట అదే స్టార్ట్ అవుతుంది. ఇదేం జబ్బు?

జబ్బు కాదు, పెట్రోల్ మిగలడానికి కంపెనీ పెట్టిన స్టార్ట్ స్టాప్ ఏర్పాటు. డ్యాష్‌బోర్డ్‌లో గుండ్రటి బాణం మధ్య ‘ఏ’ అక్షరం గుర్తు వెలుగుతుంటే అదే. వద్దనుకుంటే దాని బటన్ నొక్కి ఆపేయొచ్చు, చాలా కార్లలో స్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ నొక్కాలి. క్లచ్ తొక్కినా స్టార్ట్ కాక సెల్ఫ్ కొట్టాల్సి వస్తేనే సందేహించండి.

వాన నీళ్లలో నుంచి పోతుంటే ఆగిపోయింది. మళ్లీ సెల్ఫ్ కొట్టొచ్చా?

కొట్టొద్దు, పొరపాటున కూడా వద్దు. గాలి పోయే దారిలో నుంచి నీళ్లు సిలిండర్‌లోకి చేరితే పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా వేలల్లో తేలిపోయే పని ఇంజిన్ విప్పే పని అవుతుంది. 2023 జూలై వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు నీళ్లలో చిక్కిన కార్లకు ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. కారును తోసి మెరక మీదికి చేర్చి, బ్యాటరీ టెర్మినల్ తీసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిపించి చూడండి. ఫిల్టర్ తడిసి ఉంటే మెకానిక్ ప్లగ్గులు (డీజిల్ అయితే ఇంజెక్టర్లు) విప్పి నీళ్లు తీసేదాకా తాళం తిప్పకండి. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా కదిలించక ముందే ఫోన్ చేసి ఫొటోలు తీసి పెట్టుకోండి.

## షెడ్డుకు పోయే ముందు

నడుస్తున్నప్పుడు ఏ బాధా లేదు. ఆగితేనే ఎందుకు బంద్ అవుతుంది?

పెట్రోల్ కార్లలో ఎక్సలేటర్ మీద కాలు తీయగానే గాలి లోపలికి పోయే మూత దాదాపు మూసుకుంటుంది. అక్కడి నుంచి సన్నటి సందులో వచ్చే కొద్ది గాలితో, దానికి తగ్గ కొద్ది పెట్రోల్‌తో ఇంజిన్ తనను తాను తిప్పుకోవాలి. ముక్కు దిబ్బడ ఉన్న మనిషి నోరు తెరిచి పరుగెత్తగలడు, నోరు మూసుకుని కూర్చుంటేనే ఊపిరాడదు, ఇదీ అంతే. సందులో మసి పేరుకున్నా, ఎక్కడో పైపు పగిలి లెక్కలో లేని గాలి దూరినా, ఒక ప్లగ్గు సరిగా మండకపోయినా స్పీడులో తెలియదు, ఆగినప్పుడు బయటపడుతుంది.

మెకానిక్ దగ్గరికి పోయే ముందు ఏమేం గమనించి పెట్టుకోవాలి?

రెండు మూడు రోజులు కారు ఆగిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక లైను రాసుకోండి. ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కిందా. ఏసీ ఆన్‌లో ఉందా. ఆగేటప్పుడు ఆర్పీఎం ముల్లు (ఇంజిన్ తిరిగే వేగం చూపే మీటర్‌ది) మెల్లగా వణుకుతూ దిగిందా, ఒక్కసారిగా స్విచ్ తీసినట్టు పడిపోయిందా. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. వణుకుతూ, దగ్గుతూ ఆగితే గాలి, పెట్రోల్, ప్లగ్గుల వైపు చూడాలి, టప్పున ఆగితే కరెంటు, సెన్సర్, రిలే, వైరింగ్ వైపు చూడాలి. ట్యాంక్ ఎంత ఉంది, పెట్రోల్ ఎప్పుడు పోయించారు, బ్రేక్ తొక్కినప్పుడే ఆగిందా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడా, మళ్లీ స్టార్ట్ కావడానికి ఎంతసేపు పట్టింది, ఇవి కూడా రాయండి. వీలైతే మీటర్ వీడియో తీయండి. షెడ్డుకు పోయిన రోజే కారు బుద్ధిగా నడుస్తుంది, అప్పుడు మీ చేతిలో ఉండేది ఈ రాతలే.

ఐడ్లింగ్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, ఆర్పీఎం ఎంత ఉండాలి?

ఇంజిన్ వేడెక్కాక చాలా పెట్రోల్, డీజిల్ కార్లలో 650 నుంచి 900 మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మీ కారు మాన్యువల్‌లో చూడండి. పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడు 1,200 దాకా పోయి మెల్లగా దిగడం మామూలే. ఏసీ వేస్తే ముల్లు ఒక్క క్షణం ఊగి కాస్త పైకి పోయి నిలబడాలి. 500 వైపు జారుతూ మళ్లీ లేస్తూ ఊగుతుంటే అది ఆగిపోవడానికి ముందు మెట్టు.

తప్పు నా డ్రైవింగ్‌దా, బండిదా?

తేల్చుకోవడం సులువు. ఖాళీ చోట కారు కదులుతుండగా న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలేసి, బ్రేక్‌తో ఆపండి. అప్పుడూ ఇంజిన్ ఆగితే బండిదే. ఆగకపోతే గేరులో ఉండగా క్లచ్ ఆలస్యంగా తొక్కుతున్నారేమో చూసుకోండి, కొత్తగా నేర్చుకున్నవాళ్లకు మొదటి నెలల్లో ఇది మామూలే. ఇంకొకటి ఉంది: క్లచ్ పూర్తిగా తొక్కి పట్టినా ఫస్ట్ గేరులో కారు ముందుకు జరుగుతుంటే, గేరు పడేటప్పుడు గరగరమంటుంటే, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. కేబుల్ అడ్జస్ట్‌మెంటో, హైడ్రాలిక్ క్లచ్ అయితే ఆయిల్ లీకో చూడాలి. ఇంజిన్ జోలికి పోనక్కర్లేదు.

ఆటోమేటిక్ కారు. ‘డీ’లో ఆగితే బంద్ పడుతుంది, ‘ఎన్’లో పెడితే ఆగదు. ఎందుకు?

టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ అయితే అందులోని లాకప్ క్లచ్ ఆగేటప్పుడు విడవడం లేదేమో, మాన్యువల్ కారును క్లచ్ తొక్కకుండా ఆపితే ఏమవుతుందో అదే జరుగుతుంది. ఏఎంటీ కారు (మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్, గేరు దానంతట అదే మారే ఏర్పాటు ఉన్నది) అయితే క్లచ్ అరిగిందేమో, లేదా క్లచ్‌ను కదిలించే యాక్చువేటర్‌కు స్కానర్‌తో (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) కొత్తగా సెట్టింగ్ చేయాల్సి ఉందేమో చూడాలి. కాకపోతే ‘డీ’లో ఇంజిన్ మీద బరువు ఎక్కువ కాబట్టి, మసి పట్టిన థ్రాటిల్ (పైన చెప్పిన గాలి మూత) కూడా ముందు అక్కడే బయటపడుతుంది. ఖర్చు తక్కువ పని అదే, ముందు అది చేయించండి.

స్టార్ట్ అవుతుంది, రెండు సెకన్లకే ఆగిపోతుంది. ప్రతిసారీ అంతే.

ముందు డ్యాష్‌బోర్డ్‌లో తాళంచెవి లేదా కారు మీద తాళం గుర్తు మెరుస్తోందేమో చూడండి. మెరుస్తుంటే ఇమ్మొబిలైజర్ (కారు దొంగల పాలు కాకుండా తాళాన్ని సరిచూసే ఏర్పాటు) మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు. రెండో తాళంతో ప్రయత్నించండి, బటన్ నొక్కి స్టార్ట్ చేసే కారు అయితే తాళంలోని సెల్ మార్చండి.

## స్కానింగ్, చెక్ లైట్

డ్యాష్‌బోర్డ్‌లో ఇంజిన్ బొమ్మ ఉండే చెక్ లైట్ వెలగలేదు. అంటే ఇంజిన్‌లో ఏమీ లేనట్టేనా?

కాదు. కంప్యూటర్‌కు సెన్సర్ చెప్పేదే తెలుస్తుంది. థ్రాటిల్‌కు మసి పట్టడం, బ్రేక్ బూస్టర్ లీక్, బ్యాటరీ టెర్మినల్ వదులు, ఇలాంటివి చాలాకాలం లైటు వెలిగించకుండానే కారును ఆపేస్తాయి. లైటు లేకున్నా స్కానర్ పెట్టించండి, వెలగకుండా లోపల పెండింగ్‌లో ఉన్న కోడ్ (ఏ తప్పు జరిగిందో చెప్పే నంబరు) కనిపించవచ్చు.

స్కానింగ్‌లో కోడ్ వచ్చింది. ఆ పార్టు మార్చేస్తే సరిపోతుందా?

ఎక్కువ మంది డబ్బులు ఇక్కడే పోగొట్టుకుంటారు. కోడ్ చెప్పేది ఏ లెక్క తప్పిందో, ఏ పార్టు చెడిపోయిందో కాదు. పీ0171 వస్తే ‘గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ’ అని అర్థం, దానికి ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు, అసలు కారణం పగిలిన పైపు అయి ఉంటుంది. పీ0506 అంటే ఐడ్లింగ్ ఉండాల్సిన దానికంటే తక్కువ, పీ0507 అంటే ఎక్కువ. పీ0300 అంటే సిలిండర్లు సరిగా మండడం లేదు, ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, గాలి లీక్ ఏదైనా కావచ్చు. పీ0335 వస్తే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని కంప్యూటర్‌కు చెప్పేది) దారి, అంటే సెన్సర్‌తో పాటు దాని వైరూ కనెక్టరూ కూడా. మెకానిక్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ పార్టే పోయిందని ఎట్ల తేలింది?’ కొలిచి చూపిస్తే మార్పించండి. ‘ఏమో, మార్చి చూద్దాం’ అంటే ఇంకోచోట చూపించండి. కోడ్ చెరిపేయకముందే ఫొటో తీసుకోవడం మరవకండి.

ఫోన్‌కు కలిపే చిన్న బ్లూటూత్ స్కానర్ కొనుక్కోవచ్చా?

కొనుక్కోండి, ఉపయోగమే. 2013 తర్వాత వచ్చిన కార్లలో చాలావాటికి స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే ఓబీడీ సాకెట్ ఉంటుంది. కోడ్ కంటే ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడటం నేర్చుకోండి, కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో అది చెబుతుంది. ఐడ్లింగ్‌లో ఆ అంకె ప్లస్ 15 దాటి ఉండి, 2,500 ఆర్పీఎం పట్టుకుంటే సున్నా వైపు దిగితే ఎక్కడో గాలి లీక్ ఉందని అనుమానించవచ్చు. రెండు చోట్లా ఎక్కువే ఉంటే పెట్రోల్ ప్రెషర్ తక్కువేమో చూడాలి. పని అయ్యాక స్కానర్ తీసేయండి, వదిలేస్తే బ్యాటరీ కొంచెం కొంచెంగా దిగుతుంది.

## పెట్రోల్ కార్లలో

అందరూ థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అంటున్నారు. అసలు అదేంటి, అంత తేడా వస్తుందా?

ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావు పైపు ఇంజిన్‌ను కలిసే చోట, లోపల రూపాయి బిళ్ల కంటే పెద్దదైన గుండ్రటి ఇత్తడి రంగు రేకు ఉంటుంది. అదే గాలి మూత. తాళం తీసేసి ఉండగా, పైపు తీసి రేకును వేలితో మెల్లగా తోసి వెనక వైపు చూస్తే, అంచు చుట్టూ నల్లటి జిడ్డు గీత కనిపిస్తుంది. ఇంజిన్ నుంచి వెనక్కి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడ అంటుకుంటుంది, దుమ్ము దానికి పట్టుకుంటుంది. గీత మందమయ్యే కొద్దీ ఐడ్లింగ్‌కు కావాల్సిన సన్నటి సందు మూసుకుపోతుంది. మొదట ఏసీ వేసినప్పుడు, తర్వాత ఏసీ లేకున్నా ఆగడం మొదలవుతుంది. భూపాలపల్లి, రామగుండం వైపు బొగ్గు దుమ్ములో, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారిలో రోజూ తిరిగే కార్లకు ఎయిర్ ఫిల్టర్ సరిగా లేకపోతే ఇంకా తొందరగా వస్తుంది. ఆగినప్పుడు బంద్ పడే పెట్రోల్ కారుకు ముందు చేయించాల్సిన పని ఇదే, ఖర్చు తక్కువ, తేడా చాలాసార్లు అదే రోజు తెలుస్తుంది.

ఇంట్లోనే క్లీన్ చేసుకోవచ్చా?

చేతికి పని అలవాటుంటే చేసుకోవచ్చు. థ్రాటిల్ బాడీ క్లీనర్ అని రాసి ఉన్న స్ప్రే డబ్బానే వాడండి, పెట్రోలు, థిన్నర్ వద్దు. ఇంజిన్ చల్లారాక, తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ విప్పి మొదలుపెట్టండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే తాళం ఆన్‌లో ఉండగా రేకును వేలితో తోయొద్దు, లోపలి మోటారు పళ్లు దెబ్బతింటాయి. స్ప్రే గుడ్డ మీద కొట్టి తుడవండి, ధారగా లోపలికి కొట్టకండి. బ్లేడు, ఇసుక కాగితం అసలే వద్దు. ఐడ్లింగ్ కోసం విడిగా చిన్న వాల్వు ఉండే పాత ఆల్టో, శాంత్రో లాంటి కార్లలో ఆ వాల్వు కూడా విప్పి దాని ముక్కు, కూర్చునే రంధ్రం తుడవాలి, రేకు మాత్రమే తుడిస్తే పని సగమే అయినట్టు.

క్లీన్ చేయించాక ఐడ్లింగ్ పెరిగిపోయింది, లేదా ముందుకంటే ఎక్కువగా ఆగుతోంది. పాడు చేశారా?

చాలావరకు పాడు కాదు. మసి ఉన్నప్పుడు కంప్యూటర్ మూతను కాస్త ఎక్కువ తెరిచి అలవాటు పడింది, ఇప్పుడు సందు తెరుచుకున్నా పాత లెక్కలోనే ఉంది. కొత్తగా నేర్పాలి. చాలా కార్లలో తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా కాసేపు ఉంచి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి ఏసీ, లైట్లు వేయకుండా రేడియేటర్ ఫ్యాన్ తిరిగి ఆగేదాకా ఐడ్లింగ్‌లో వదిలితే సర్దుకుంటుంది. కొన్నిటికి స్కానర్‌తోనే రీసెట్ చేయాలి. రీసెట్ చేసినా సర్దుకోకపోతే పైపు క్లిప్పు సరిగా బిగించలేదేమో, సెన్సర్ ప్లగ్గు వదిలేశారేమో చూడమనండి.

గాలి లీక్ అంటారు కదా, దాన్ని ఎలా పట్టుకోవాలి?

చెవితో మొదలుపెట్టండి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా బానెట్ తెరిచి సన్నటి ‘స్స్’ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో వినండి. రబ్బరు పైపులు పైకి బాగానే కనిపిస్తాయి, పగులు ఎప్పుడూ క్లిప్పు కింద, వంపు లోపలి వైపు దాక్కుంటుంది. పరకాల నుంచి రోజూ హనుమకొండకు వచ్చే మా బంధువు కారుకు ప్లగ్గులు, కాయిల్ అన్నీ మార్చాక దొరికింది అలాంటిదే: వాల్వు కవర్ నుంచి వచ్చే పైపును వంచితే క్లిప్పు పక్కన గోరంత చీలిక తెరుచుకుంది, వేలితో మూయగానే ఇంజిన్ వణుకు తగ్గింది. చెవికి దొరకకపోతే పైపు కీళ్ల మీద నీళ్లు మాత్రమే చల్లి చూడండి, శబ్దం మారితే అక్కడే లీక్. పెట్రోల్, స్ప్రేలు వేడి ఇంజిన్ మీద కొట్టి చూసేవాళ్లున్నారు, మంట అంటుకుంటుంది, ఒప్పుకోకండి. అప్పటికీ దొరకకపోతే పొగ పెట్టి చూసే మిషన్ ఉన్న షెడ్డుకు పోవాలి. ఇంకో విషయం, కొన్ని కార్లలో గాలి లీక్ వల్ల ఐడ్లింగ్ తగ్గదు, పెరిగి ఊగుతుంది. పెరిగింది కాబట్టి లీక్ లేదనుకోకండి.

బ్రేక్ తొక్కితేనే ఇంజిన్ ఆగుతుంది, తొక్కకుండా నిలబెడితే ఆగదు.

దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు. పెట్రోల్ కార్లలో బ్రేక్ బూస్టర్ ఇంజిన్ నుంచే వాక్యూమ్ తీసుకుంటుంది, దాని లోపలి రబ్బరు పొర చిరిగితే పెడల్ తొక్కిన ప్రతిసారీ గాలి ఇంజిన్‌లోకి దూరి ఐడ్లింగ్ పడిపోతుంది. ఇంట్లో పరీక్ష: ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి, తొక్కి పట్టుకునే స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోయినా, తొక్కినప్పుడు కాళ్ల దగ్గర ‘స్స్’ అన్నా బూస్టర్‌ను, దాని పైపును, పైపులో ఉండే వాల్వును చూపించండి. ఇది ఇంజిన్ బాధ మాత్రమే కాదు, బ్రేకుల విషయం.

పెట్రోల్ కొట్టించిన వెంటనే స్టార్ట్ కాదు, అయినా ఆగిపోతుంది. బంకులో కల్తీనా?

అప్పుడే పోసిన పెట్రోల్ అంత తొందరగా ఇంజిన్ దాకా రాదు, కాబట్టి బంకు దాటకముందే మొదలైతే కల్తీ మీద అనుమానం తగ్గించుకోండి. ట్యాంక్‌లోని ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వు మూసుకోకుండా ఇరుక్కుంటే ఇలాగే అవుతుంది: నింపినప్పుడు ఆవిరి ఒక్కసారిగా దూరి ఇంజిన్‌కు పెట్రోల్ ఎక్కువవుతుంది. రేస్ తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంటే ఇంకా నమ్మకంగా చెప్పొచ్చు. వాల్వు చిన్నదే, మార్చడం సులువు. బంకులో గన్ను టక్కున ఆగాక ఇంకా నింపించడం మానేయండి, ఆవిరి పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోలే పోయి అది పాడవుతుంది.

పెట్రోల్ పంపు పోయింది, మార్చాలంటున్నారు. నమ్మొచ్చా?

ప్రెషర్ గేజ్ పెట్టి చూపిస్తే నమ్మండి. చాలా పెట్రోల్ కార్లలో 3 నుంచి 4 బార్ మధ్య ఉండాలి. పంపు బలహీనపడితే ముందు ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ పడిపోవాలి, ఎందుకంటే అక్కడే పెట్రోల్ ఎక్కువ కావాలి. హైవే మీద ఏ లోటూ లేకుండా ఐడ్లింగ్‌లో మాత్రమే ఆగే కారుకు పంపు మీద మొదటి అనుమానం పెట్టడం సరికాదు. ఎప్పుడూ రిజర్వులోనే నడిపే అలవాటుంటే మానుకోండి, ట్యాంక్‌లోని పెట్రోలే పంపును చల్లబరుస్తుంది.

వేడెక్కాక టప్పున ఆగుతుంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఎండకేనా?

ఎండ తోడవుతుంది, అసలు కారణం చాలాసార్లు క్రాంక్ సెన్సర్. వేడికి లోపల తీగ తెగినట్టయి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. ఆగినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం ముల్లు చూడండి, ఇంజిన్ తిరుగుతున్నా ముల్లు సున్నా దగ్గరే ఉంటే అనుమానం బలపడుతుంది, కాకపోతే కొన్ని కార్లలో బాగున్నప్పుడూ ముల్లు కదలదు. మే నెలలో వరంగల్ ఎండకు పెట్రోల్ పంపు రిలే కూడా ఇలా చేస్తుంది, పక్కనే అదే నంబరున్న రిలే ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

ఈ20 పెట్రోల్ వల్లే ఇదంతా అంటున్నారు. నిజమా?

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఒక్కటే మంచి కారును సిగ్నల్‌లో ఆపేయదు. కానీ ఇథనాల్ నీటిని పీలుస్తుంది. నెలల తరబడి కదలని కారులో, సగం ఖాళీ ట్యాంక్‌లో నీళ్లు చేరి అడుగున విడిపోతే ఇంజిన్ దగ్గి ఆగుతుంది. ఈ20 కోసం తయారు కాని పాత కార్లలో రబ్బరు పైపులు, సీళ్లు ఒకసారి చూపించుకోవడం మంచిది. దుబాయ్‌లో ఉండి సెలవులకు వచ్చి కారు తీసే అన్నలు దీన్ని గుర్తుపెట్టుకోండి.

గ్యాస్ మీద ఆగుతుంది, పెట్రోల్ మీద ఆగదు.

అయితే ఇంజిన్‌ను వదిలేసి కిట్టును చూపించండి. గ్యాస్ ఫిల్టర్, గ్యాస్ ప్రెషర్ తగ్గించే రెడ్యూసర్, గ్యాస్ ఇంజెక్టర్లు, ట్యూనింగ్, ఈ వరుసలో. పెట్రోల్ మీద కూడా ఆగుతుంటే ముందు పెట్రోల్ మీద బాగు చేయించాకే గ్యాస్ సెట్టింగ్ ముట్టుకోనివ్వండి.

## డీజిల్ కార్లలో

డీజిల్ కారు ఆగినచోట బంద్ అవుతోంది. ప్లగ్గులు మార్చాలా?

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గులు ఉండవు, గ్లో ప్లగ్గులు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికే. ముందు డీజిల్ ఫిల్టర్ చూడండి. అడుగున నీళ్లు చేరితే వదిలేయడానికి స్క్రూ ఉంటుంది, సీసాలోకి పట్టి చూస్తే కింద నీళ్లు వేరుగా కనిపిస్తాయి. ఫిల్టర్ మార్చిన రోజు నుంచే మొదలైతే లైనులో ఎయిర్ పట్టింది, చేతి పంపుతో నొక్కి తీయాలి. ఆ తర్వాత రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే పైపులోని ప్రెషర్: వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగ్‌లో సుమారు 250 నుంచి 350 బార్ ఉంటుంది, ఊగుతూ పడిపోతుంటే పంపు మీది కంట్రోల్ వాల్వో, వెనక్కి ఎక్కువ వదిలేసే ఇంజెక్టరో. ఏ ఇంజెక్టరో సీసాలు పెట్టి కొలిచి తేలుస్తారు. నాలుగూ ఒకేసారి మార్చమంటే ముందు ఆ సీసాల పరీక్ష చూపించమనండి.

ఈజీఆర్ బ్లాక్ చేసేస్తే పోతుందంటున్నారు, చేయించనా?

వద్దు. ఈజీఆర్ వాల్వు (బయటికి పోయే పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మసితో తెరుచుకునే ఇరుక్కుంటే ఐడ్లింగ్‌లో పొగ వెనక్కి దూరి ఇంజిన్ ఆగుతుంది, స్పీడులో మామూలుగా ఉంటుంది. దాన్ని విప్పి కడిగిస్తే చాలాసార్లు సరిపోతుంది, కాకపోతే మార్చాలి. రేకు పెట్టి మూసేస్తే చెక్ లైట్ వెలుగుతుంది, పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం, వారంటీ ఉంటే పోతుంది.

## ఏసీ, బ్యాటరీ, వైరింగ్

ఏసీ వేస్తేనే ఆగుతుంది. కంప్రెసర్ పోయిందా?

ముందే కంప్రెసర్ దాకా పోకండి. అది పట్టుకోగానే ఇంజిన్ మీద బరువు పడుతుంది, కంప్యూటర్ గాలి పెంచి నిలబెట్టాలి. థ్రాటిల్‌లో మసి ఉంటే పెంచలేదు, ఆగుతుంది. అది శుభ్రంగా ఉన్నా ఆగుతుంటే రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా, ఏసీ గ్యాస్ ఎక్కువ నింపారా చూడాలి. ఏసీ పట్టుకునేటప్పుడు బెల్టు కీచుమని అరిచి ఇంజిన్ గట్టిగా కుదిపితే, అప్పుడు కంప్రెసర్‌ను అనుమానించండి.

బ్యాటరీ మార్చిన రోజు నుంచి ఆగుతోంది. చెడ్డ బ్యాటరీ ఇచ్చారా?

బ్యాటరీ తీసినప్పుడు కంప్యూటర్ నేర్చుకున్న ఐడ్లింగ్ లెక్క కొన్ని కార్లలో చెరిగిపోతుంది, కొంత దూరం నడిచాక సర్దుకుంటుంది. సర్దుకోకపోతే టెర్మినళ్లు చేత్తో కదిలించి చూడండి, కదలకూడదు. మీటరుతో కొలిస్తే ఇంజిన్ ఆపినప్పుడు 12.4 వోల్టుల పైన, నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.7 ఉండాలి. లైట్లు, ఏసీ అన్నీ వేసినప్పుడు 13 కిందికి పడుతుంటే ఆల్టర్నేటర్ చూపించండి.

ఎలుకలు వైర్లు కొరికాయేమో ఎలా తెలుస్తుంది?

బానెట్ తెరిచి ఇంజిన్ మీద, బ్యాటరీ పక్కన రెట్టలు, దూది ముక్కలు, వడ్ల పొట్టు ఉన్నాయేమో చూడండి. ఇంజెక్టర్ వైర్లు, సెన్సర్ వైర్లు సన్నగా ఉంటాయి, ముందు అవే పోతాయి. తెగిన వైరును సోల్డర్ చేసి స్లీవ్ తొడిగించండి, ఉత్త టేపు చుడితే వానాకాలం మళ్లీ మొదలవుతుంది.

## షెడ్డులో, ఆ తర్వాత

స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచేస్తే సరిపోతుందన్నాడు మెకానిక్. పెంచించనా?

ఒప్పుకోకండి. కార్బ్యురేటర్ ఉన్న పాత మారుతి 800, అంబాసిడర్‌లకు ఆ స్క్రూ అందుకే ఉండేది. ఇంజెక్షన్ కార్లలో థ్రాటిల్ స్టాపర్ స్క్రూ కంపెనీలో సెట్ చేసి సీల్ వేసినది, దాన్ని కదిలిస్తే మూత ఎక్కడ మూసుకుంటుందో కంప్యూటర్‌కు తప్పు లెక్క వెళ్తుంది. ఆగడం తగ్గినట్టే ఉంటుంది, అసలు లీకో మసో అలాగే ఉంటుంది, మైలేజ్ పడిపోతుంది, ఇంకో మెకానిక్ తర్వాత ఎంత వెతికినా దారి దొరకదు.

వారంటీ ఉంది. సర్వీస్ సెంటర్‌లో ‘మాకు ఆగలేదు’ అని వాపసు ఇస్తున్నారు.

జాబ్ కార్డ్‌లో ‘ఇంజిన్ ప్రాబ్లం’ అని రాయనివ్వకండి. ‘ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆన్‌లో, బ్రేక్ తొక్కి ఆగినప్పుడు బంద్ అవుతోంది’ అని మీ మాటల్లో రాయించి కాపీ తీసుకోండి. వీడియో చూపించండి. వాళ్ల మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అది ఆగే పరిస్థితిలోనే నడపండి, పొద్దున చల్లని ఇంజిన్‌తో షెడ్డు చుట్టూ ఒక రౌండ్ వేస్తే ఏమీ తెలియదు. ప్రతిసారీ జాబ్ కార్డ్ దాచి పెట్టండి, వారంటీ గడువు దాటాక కూడా ఫిర్యాదు అప్పటిదేనని చూపడానికి పనికొస్తుంది.

బాగైందని ఎలా నమ్మాలి?

కారు అంతకుముందు ఎక్కడ ఆగేదో అక్కడే చూడండి. వేడెక్కాక ఆగేదైతే జనగామ దాకా పోయి వచ్చి, ఊళ్లోకి దిగాక ఏసీ, హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, బ్రేక్ తొక్కి నిలబెట్టండి. అన్ని బరువులూ ఒకేసారి పడినా ముల్లు కాస్త ఊగి నిలబడాలి. స్కానర్ ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ మైనస్ 10 లోపల ఉందో చూడండి.

బాగు చేయించిన నెలకే మళ్లీ మొదలైంది. మోసపోయామా?

అలాగే అనుకోనక్కర్లేదు. థ్రాటిల్ తుడిచినప్పుడు పోయి నెలకే వచ్చిందంటే, మసి అంత తొందరగా ఎందుకు పేరుకుంటోందో ఎవరూ చూడలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత సరిగా కూర్చుందా, ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని గాలి దారిలోకి పంపే పీసీవీ వాల్వు ఇరుక్కుందా, ఇంజిన్ ఆయిల్ గీత కంటే ఎక్కువ పోశారా, ఈ మూడూ చూడమనండి. ఎయిర్ ఫిల్టర్ పైపు లోపల వేలు పెట్టి తీస్తే వేలికి తడి ఆయిల్ అంటితే పీసీవీ దగ్గర మొదలుపెట్టమనండి, పొడి దుమ్ము అంటితే ఫిల్టర్ డబ్బా దగ్గర.